పెద్దవాళ్ల కబుర్లు రికార్డు చేయాలంటే ఏ మైకు కొనాలి, ఏ రికార్డర్ కొనాలి

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఎనభై దాటిన పెద్దవాళ్లు ఉన్నారా? వాళ్లు చెప్పే పాత మద్రాసు కబుర్లు రికార్డు చేసి దాచుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? అయితే ఇంక వాయిదా వేయకండి. పొట్టి శ్రీరాములు మైలాపూర్‌లో దీక్ష చేస్తూ కన్నుమూసింది 1952 డిసెంబర్ 15న. ఆ రోజు పదేళ్ల పిల్లలుగా ఉండి ఆ వార్త ఇంట్లో పెద్దల నోట విన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. సినిమా పరిశ్రమ హైదరాబాద్‌కు తరలిపోయినా కోడంబాక్కం, సాలిగ్రామం వైపే ఉండిపోయిన మేకప్ వాళ్లు, కోరస్ పాడినవాళ్లు, ఎడిటింగ్ గదుల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు. తమిళం కలగలిసిన వాళ్ల తెలుగు ఇంకో ఊళ్లో వినపడదు. ఆ మాట, ఆ యాస, ఆ నవ్వు రాసుకుంటే రావు. గొంతే కావాలి.

దీనికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. కాకపోతే డబ్బు దేనిమీద పెట్టాలో తెలియాలి. చాలామంది "ఏ రికార్డర్ మంచిది?" అనే ప్రశ్నతో మొదలుపెడతారు. నన్నడిగితే అది ఆఖరి ప్రశ్న. ముందు మనిషి, తర్వాత గది, ఆ తర్వాత మైకు, వీటన్నిటి తర్వాతే రికార్డర్.

ముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్లి రండి

ఏమీ కొనకుండా, చేతిలో సెల్‌ఫోన్ తప్ప ఏమీ లేకుండా వెళ్లండి. కాఫీ తాగుతూ నాలుగు విషయాలు గమనించండి. ఆ పెద్దాయనో పెద్దావిడో రోజూ ఎక్కడ కూర్చుంటారు? ఉయ్యాల బల్ల మీదా, పడక కుర్చీలోనా, మంచం మీదా? ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంటేనే మాట సాఫీగా వస్తుంది. గొంతు ఎంత గట్టిగా ఉంది? మాట్లాడుతూ చేతులు తిప్పుతారా, తల అటూ ఇటూ తిప్పుతారా, మధ్యలో లేచి పాత ఫొటోలు తేవడానికి వెళ్తారా? ఒక్కరే మాట్లాడతారా, లేక పక్కన కూర్చున్న ఆవిడ "అది కాదండీ, అప్పటికి మనం టీనగర్ వచ్చేశాం కదా" అని సర్దుతూ ఉంటారా?

తర్వాత రెండు నిమిషాలు ఊరికే కూర్చుని చెవి పెట్టి వినండి. ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి మోటారు, వీధిలో హారన్లు, కాకులు. రోజూ వింటూ ఉంటాం కాబట్టి మన చెవి వీటిని పక్కన పెట్టేస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు, అన్నీ సమానంగా తీసుకుంటుంది.

ఈ ఒక్క చూపుతోనే మీకు ఏ మైకు కావాలో సగం తేలిపోతుంది. గొంతు సన్నగా ఉండి కదలకుండా కూర్చునే మనిషి అయితే బట్టకు క్లిప్పుతో తగిలించే కాలర్ మైకు. భార్యాభర్తలిద్దరూ కలిసి చెప్పేవాళ్లయితే రెండు కాలర్ మైకులు. మైలాపూర్ మాడ వీధుల్లో నడుస్తూ "ఇదిగో ఇక్కడే మా ప్రెస్ ఉండేది" అని చూపించే మనిషి అయితే వైర్‌లెస్.

దూరం లెక్క

దీన్నొక్కదాన్నీ బాగా పట్టుకుంటే మిగతాదంతా తేలిక. నోటికీ మైకుకీ మధ్య దూరం సగానికి తగ్గిస్తే, నేరుగా వచ్చే గొంతు మైకు దగ్గర 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాను చప్పుడు, గది గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటాయి. అంటే మీటరు దూరంలో టేబుల్ మీద పెట్టిన రికార్డర్‌ను అర మీటరుకు జరిపితే 6, పావు మీటరుకు తెస్తే 12 డెసిబెల్స్ లాభం. రూపాయి ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది. ఎంత ఖరీదైన రికార్డర్ కొన్నా, దాన్ని దూరంగా పెట్టి ఇంత తేడా తెచ్చుకోలేరు.

కాలర్ మైకు అయితే గడ్డానికి జానెడు కింద ఉండాలి. టేబుల్ మీద పెట్టే రికార్డర్ నోటికి మూరెడు దూరం దాటకూడదు. ఈ రెండు కొలతలు గుర్తుంటే చాలు.

మైకు ఎంచుకోవడం

ఇంటర్వ్యూలకు నేను మొదట చెప్పేది వైరున్న కాలర్ మైకే. ఒక్కసారి పెట్టేస్తే పెద్దవాళ్లు దాని సంగతి మర్చిపోతారు. ముఖం ముందు ఏమీ ఉండదు. వాళ్లు వెనక్కి వాలినా, ముందుకు వంగినా మైకు వాళ్లతోనే ఉంటుంది కాబట్టి దూరం మారదు.

తక్కువ ధరలో అందరికీ తెలిసినది బోయా బీవై-ఎం1. వైరు 6 మీటర్లు. అన్ని వైపుల నుంచీ ధ్వని తీసుకునే రకం కాబట్టి తల కొంచెం తిప్పినా గొంతు మారిపోదు. దీని వైరు మధ్యలో ఒక చిన్న డబ్బా ఉంటుంది, అందులో ఎల్ఆర్44 అనే బటన్ సెల్. ఆ డబ్బా మీద ఒక స్విచ్. ఒకవైపు స్మార్ట్‌ఫోన్, ఇంకోవైపు కెమెరా. రికార్డర్‌కు పెట్టినప్పుడు స్విచ్ కెమెరా వైపు ఉండాలి. పని అయ్యాక దాన్ని వెనక్కి జరపడం మర్చిపోతే సెల్ అలా అయిపోతూనే ఉంటుంది, వచ్చే వారం వెళ్లేసరికి మైకు మూగబోతుంది. అందుకే సంచిలో ఇంకో రెండు బటన్ సెల్స్ ఎప్పుడూ ఉంచుకోండి.

ఇంకొంచెం పెట్టుకోగలిగితే రోడ్, సోనీ లాంటి కంపెనీల కాలర్ మైకులు చూడండి. వాటిలో సొంత హిస్, అంటే వెనకాల వినపడే సన్నటి బుస, తక్కువగా ఉంటుంది. నెమ్మదిగా, గుసగుసగా మాట్లాడే మనిషి దగ్గరే ఆ తేడా బయటపడుతుంది. గట్టి గొంతు ఉన్నవాళ్లకు తక్కువ ధర మైకు సరిపోతుంది. నా ఉద్దేశంలో మొదటిసారి కొనేవాళ్లు బోయాతో మొదలుపెట్టి, మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్‌కు పెట్టడం మేలు.

కొనే ముందు పిన్ను చూడండి. 3.5 మిల్లీమీటర్ల పిన్నే అయినా అన్నీ ఒకటి కాదు. పిన్ను మీద నల్ల గీతలు రెండుంటే అది కెమెరాలకు, రికార్డర్లకు సరిపోయే రకం, దాన్ని టీఆర్ఎస్ అంటారు. మూడు గీతలుంటే అది ఫోన్లకు చేసిన టీఆర్ఆర్ఎస్ రకం. బోయా పిన్నుకు మూడు గీతలే ఉన్నా కెమెరా స్విచ్ ఉంది కాబట్టి రెండింటికీ పనిచేస్తుంది. రోడ్ స్మార్ట్‌లావ్ ప్లస్ లాంటివి మాత్రం ఫోన్ కోసమే చేసినవి, రికార్డర్‌కు పెట్టాలంటే మధ్యలో ఎస్‌సీ3 అనే చిన్న అడాప్టర్ కావాలి. ఈ సంగతి తెలియక మైకు పాడైందనుకుని వెనక్కి ఇచ్చేసేవాళ్లు ఉంటారు.

చేత్తో పట్టుకునే మైకు గురించి కూడా ఒక మాట. నిలబడి, రోడ్డు మీద, జనం మధ్యలో రెండు నిమిషాలు మాట్లాడించాలంటే అదే మంచిది. ఎలక్ట్రో-వాయిస్ ఆర్ఈ50, ష్యూర్ వీపీ64ఏ ఇలాంటి పనికే చేసినవి. కాని వీటికి ఎక్స్ఎల్ఆర్ అనే మూడు పిన్నుల పెద్ద సాకెట్ ఉన్న రికార్డర్ కావాలి. పైగా ఇవి డైనమిక్ మైకులు, సిగ్నల్ బలహీనంగా ఇస్తాయి. చవక రికార్డర్‌లో గెయిన్, అంటే మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలనే మోతాదు, బాగా ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, దాంతో బుస కూడా పెరుగుతుంది. ఇంట్లో గంటసేపు కూర్చుని చేసే సంభాషణకు ఇది అక్కర్లేదు. మనం మైకు ముందుకీ వెనక్కీ జరుపుతుంటే పెద్దవాళ్ల దృష్టంతా దానిమీదే ఉంటుంది.

గన్ మైకు, అంటే ముందువైపు శబ్దమే ఎక్కువగా తీసుకునే పొడవాటి గొట్టం లాంటి మైకు, దాని సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను: టైల్స్ వేసిన చిన్న గదిలో అది మీరనుకున్నట్టు పనిచేయదు. గోడల నుంచి వచ్చే ప్రతిధ్వనిని అది వదిలించలేదు. వీడియో తీసేవాళ్లకు వేరే అవసరాలు ఉంటాయి, మనకు వద్దు.

వైర్‌లెస్ సెట్లు ఇప్పుడు బాగా వచ్చాయి. రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ లాంటి వాటిలో రెండు ట్రాన్స్‌మిటర్లు, ఒక రిసీవర్ ఉంటాయి. ట్రాన్స్‌మిటర్‌లోనే ఒక కాపీ రికార్డయ్యే సదుపాయం కూడా ఉంది, కాబట్టి మధ్యలో సిగ్నల్ తెగినా మాట పోదు. కూర్చుని మాట్లాడేటప్పుడు మాత్రం వీటి అవసరం లేదు. ఛార్జింగ్ చూసుకోవాలి, ధర ఎక్కువ, పైగా ఇవి పనిచేసేది వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీదే, మధ్యలో మనిషి అడ్డం వచ్చినా సిగ్నల్ తగ్గుతుంది. నడుస్తూ మాట్లాడించాలంటే తీసుకోండి.

ఇక్కడ దయచేసి ఒక విషయం మర్చిపోకండి. ఈ వైర్‌లెస్ మైకుల్లో కొన్నింటిని బట్టకు అయస్కాంతంతో అతికిస్తారు. పెద్దవాళ్లలో కొందరికి గుండెకు పేస్‌మేకర్ ఉంటుంది. అలాంటివాళ్ల ఛాతీ దగ్గరకు ఆ అయస్కాంతాన్ని రానివ్వకూడదు. మైకు పెట్టే ముందు ఇంట్లోవాళ్లను అడగండి. పేస్‌మేకర్ ఉంటే మామూలు క్లిప్పు మైకే వాడండి.

ఊఁ కొట్టడం, రెండో మైకు

మన పెద్దవాళ్లకు కథ చెప్పాలంటే ఎదుటివాళ్లు ఊఁ కొట్టాలి. ఇంటర్వ్యూ పద్ధతులు నేర్పేవాళ్లు "మీరు మాట్లాడకండి, తల మాత్రం ఊపండి" అంటారు. మనవాళ్ల దగ్గర అది నడవదు. రెండు నిమిషాలు ఊఁ అనకపోతే "వింటున్నావా నాయనా?" అని ఆగిపోతారు. చూపు సరిగా ఆననివాళ్లకు మీరు తల ఊపినా కనపడదు.

అందుకని ఊఁ కొట్టండి. కాకపోతే మీ గొంతు వేరుగా రికార్డయ్యేలా చూసుకోండి. స్టీరియో రికార్డర్‌లో ఎడమ, కుడి అని రెండు దారులు ఉంటాయి. వాళ్ల మైకు ఎడమకు, మీ మైకు కుడికి వెళ్తే తర్వాత మీ ఊఁలు ఎక్కడ ఎక్కువయ్యాయో అక్కడ తగ్గించుకోవచ్చు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు ఎవరేం అన్నారో తెలుసుకోవడం కూడా తేలిక. ఒకరి మైకులో ఇంకొకరి గొంతు దూరంగా వినపడుతూనే ఉంటుంది, అది ఎలాగూ తప్పదు.

దీనికి రెండు మోనో మైకులను, అంటే ఒక్క దారే ఉన్న మైకులను, ఒక స్టీరియో సాకెట్‌కు కలిపే స్ప్లిటర్ కావాలి. హెడ్‌ఫోన్ స్ప్లిటర్ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కాని అది పనికిరాదు, రెండు గొంతులనూ కలిపి రెండు వైపులకూ పంపేస్తుంది. షాపులో "ఒక మైకు ఎడమకు, ఒకటి కుడికి వెళ్లాలి" అని విడమరచి అడగండి. అక్కడే పెట్టి, ఒక్కో మైకును వేలితో తట్టి, హెడ్‌ఫోన్‌లో ఏ చెవిలో వినపడుతోందో చూసి తీసుకోండి. ఒకే పిన్నుకు రెండు కాలర్ మైకులు తగిలించిన సెట్లు కూడా అమ్ముతారు. వాటినీ అలాగే తట్టి చూడండి, రెండు చెవుల్లో ఒకే శబ్దం వస్తే అవి మనకు కాదు.

ఇప్పుడు రికార్డర్

మీ దగ్గరున్న ఫోన్‌తో మొదలుపెట్టొచ్చా? పెట్టొచ్చు. మంచి కాలర్ మైకు పెట్టిన ఫోన్, దూరంగా టేబుల్ మీద పెట్టిన ఖరీదైన రికార్డర్ కంటే నయం. 3.5 సాకెట్ లేని ఫోన్ అయితే టైప్-సీ కాలర్ మైకు తీసుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం తప్పనిసరి, లేకపోతే ఆవిడ తన పెళ్లి ముచ్చట చెబుతుండగా బ్యాంకువాళ్ల ఫోన్ వస్తుంది. ఫోన్‌తో ఇబ్బంది ఏమిటంటే, లెవెల్, అంటే ధ్వని ఎంత గట్టిగా రికార్డవ్వాలనేది, మన చేతిలో ఉండదు. చాలా యాప్‌లు లెవెల్‌ను వాటంతట అవే సర్దుతాయి. మనిషి ఆలోచిస్తూ మౌనంగా ఉన్నప్పుడు గెయిన్ పెంచేసి ఫ్యాను హోరును పైకి తెస్తాయి, మళ్లీ మాట మొదలుకాగానే తగ్గిస్తాయి. గంటసేపు వింటే తలనొప్పి వస్తుంది.

తర్వాతి మెట్టు సోనీ ఐసీడీ-పీఎక్స్470, ఐసీడీ-యూఎక్స్570 లాంటి జేబు రికార్డర్లు. 4 జీబీ మెమరీ లోపలే ఉంటుంది, మైక్రో ఎస్‌డీ కార్డు కూడా వేసుకోవచ్చు, బయటి మైకుకు సాకెట్ ఉంది, యూఎస్‌బీ పిన్ను రికార్డర్‌లోంచే బయటికి వస్తుంది. పీఎక్స్470కి రెండు ట్రిపుల్ ఏ సెల్స్, యూఎక్స్570కి లోపలే ఛార్జింగ్ బ్యాటరీ. నోట్స్ కోసం, విలేకరుల పనికి ఇవి చక్కగా సరిపోతాయి. వాడటం కూడా చాలా తేలిక.

దాచుకోవడానికి రికార్డు చేస్తున్నారు కాబట్టి నేను చెప్పేది ఇంకో మెట్టు పైది: జూమ్ హెచ్1ఎన్, జూమ్ హెచ్1 ఎసెన్షియల్, టాస్కామ్ డీఆర్-05ఎక్స్. ఈ మూడింటిలో ఏది తీసుకున్నా పని జరుగుతుంది. హెచ్1ఎన్‌లో లెవెల్ తిప్పడానికి పైనే ఒక చక్రం ఉంది, మెనూల్లోకి వెళ్లనక్కర్లేదు, అది నాకు బాగా నచ్చుతుంది. డీఆర్-05ఎక్స్ పెద్ద సెల్స్‌తో నడుస్తుంది, రెండు డబుల్ ఏ. దాని మైకులు అన్ని వైపుల నుంచీ తీసుకుంటాయి, హెచ్1ఎన్ మైకులు ముందువైపు ఎక్కువ తీసుకుంటాయి. కాలర్ మైకు పెట్టాక ఈ తేడాతో పనిలేదు.

హెచ్1 ఎసెన్షియల్ సంగతి వేరు. అది 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తుంది, అంటే లెవెల్ ముందుగా సరిచూసుకోవాల్సిన పని లేదు. మామ్మగారు గుసగుసగా మొదలుపెట్టి ఒక్కసారిగా పకపకా నవ్వినా గొంతు పగలదు, తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు. ఒక్కరే వెళ్లి, మాట్లాడించడం, రికార్డు చేయడం రెండూ చూసుకోవాల్సినవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఆ ఫైళ్లు కొంచెం పెద్దవి. అన్ని ఫోన్ యాప్‌లలోనూ తెరుచుకోకపోవచ్చు, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీలో తెరుచుకుంటాయి. మైకే తట్టుకోలేనంత గట్టిగా అరిస్తే మాత్రం ఇది కూడా కాపాడలేదు.

ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (రికార్డరే మైకుకు ఇచ్చే కరెంటు) ఉన్న జూమ్ హెచ్4ఎన్ ప్రో, టాస్కామ్ డీఆర్-40ఎక్స్ లాంటివి స్టూడియో మైకులు వాడేవాళ్లకు. కచేరీలు కూడా రికార్డు చేసే ఉద్దేశం ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు

మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, మామూలు రోజున పొద్దున్నే, రద్దీ పెరగకముందే వెళ్లండి. అడాప్టర్లు, స్ప్లిటర్లు, వైర్లు, సెల్స్ అన్నీ ఒక్కచోట దొరకడం ఆ వీధి గొప్పతనం. రికార్డర్లు అన్ని షాపుల్లోనూ ఉండవు, కెమెరా సామాన్లు అమ్మే షాపుల్లో అడగాలి.

మీ హెడ్‌ఫోన్ మీరు తీసుకెళ్లండి. చెవులను పూర్తిగా కప్పే రకం అయితే మంచిది. షాపులో మైకు పెట్టించుకుని, ముందు ఏమీ మాట్లాడకుండా, మైకును గుప్పిట్లో మూసి, గెయిన్ పెంచి వినండి. బుస ఎంత ఉందో తెలుస్తుంది. తర్వాత వైరును పిన్ను దగ్గర మెల్లగా వంచి చూడండి. గరగరమంటే ఆ పీసు వద్దు, ఇంకోటి అడగండి. పేరున్న మైకులకు నకిలీలు వస్తుంటాయి, అందుకని జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు లేకుండా తీసుకోకండి.

మెమరీ కార్డు విషయంలో ఇంకా జాగ్రత్త. 64 జీబీ అని రాసి, లోపల అందులో ఎనిమిదో వంతు కూడా లేని నకిలీ కార్డులు ఉంటాయి. అవి నిండే వరకు బాగానే పనిచేసి, ఆ తర్వాత రాసినదంతా పాడుచేస్తాయి. ఇంటికి రాగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం నింపి పరీక్షించండి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. 32 జీబీ కార్డు చాలు. లెక్క చూడండి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో వేవ్ ఫైల్ గంటకు సుమారు 1 జీబీ. అంటే 32 జీబీలో దాదాపు 30 గంటలు పడతాయి.

సెట్టింగులు ఇంట్లోనే చేసుకోండి

ఫార్మాట్ వేవ్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ (హెచ్1 ఎసెన్షియల్ అయితే 32 బిట్ ఫ్లోటే). ఎంపీ3 వద్దు, ఒకసారి కుదించిన ధ్వని మళ్లీ వెనక్కి రాదు. ఆటో లెవెల్ ఆఫ్. లో-కట్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర ఆన్ చేస్తే ఫ్యాను, ఏసీ, వీధిలో బస్సుల గుమగుమ తగ్గుతుంది, మనిషి గొంతుకు నష్టం ఉండదు. బ్యాటరీ లేని కాలర్ మైకు అయితే రికార్డర్ నుంచి మైకుకు కరెంటు వెళ్లేలా మెనూలో ప్లగ్-ఇన్ పవర్ ఆన్ చేయాలి, లేకపోతే ఏమీ వినపడదు. రీఛార్జబుల్ సెల్స్ వేస్తే సెల్ రకం కూడా మెనూలో మార్చండి, అప్పుడే బ్యాటరీ గుర్తు నిజం చెబుతుంది. తేదీ, టైం సరిచేయండి. లెవెల్ మాత్రం అక్కడికి వెళ్లాక, మనిషి మాట్లాడుతుండగా చూసుకోవాలి: మామూలు మాట గట్టిగా వచ్చిన చోట రికార్డర్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. సున్నాను తాకితే గొంతు పగిలిపోతుంది, దాన్ని ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు.

మీ ఇంట్లోవాళ్లతోనే అరగంట రికార్డు చేసి చూడండి. బటన్లు వెతుక్కునే టెన్షన్ అంతా అక్కడే తీరిపోతుంది.

ఆ రోజు, ఆ గదిలో

హాల్ కంటే పడకగది మంచిది. పరుపు, దుప్పట్లు, కర్టెన్లు, దండెం మీద బట్టలు ధ్వనిని మింగేస్తాయి. వట్టి టైల్స్, గాజు తలుపుల హాల్లో మాట బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. హాల్లోనే కూర్చుంటామంటే గోడకు దూరంగా, సోఫాలో కూర్చోబెట్టి, వీధి వైపు కిటికీ మూయండి.

ఫ్యాను మాట. చెన్నైలో ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను ఆపి ఎనభై ఏళ్ల మనిషిని గంట కూర్చోమనడం అన్యాయం, అలా చేయకండి. వేగం తగ్గించి, వాళ్లు సరిగ్గా ఫ్యాను కింద కాకుండా కాస్త పక్కకు కూర్చునేలా చూడండి. మైకుకు స్పాంజి తొడుగు తప్పక పెట్టండి, లేకపోతే గాలి నేరుగా తగిలి బుడబుడమంటుంది. ఏసీ ఉంటే ముందే గది చల్లబరిచి, మాట్లాడేటప్పుడు ఫ్యాన్ స్పీడ్ అన్నిటికంటే తక్కువలో పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిస్తే కొన్ని ఫ్యాన్లు గుయ్యిమంటాయి, అలాంటప్పుడు కరెంటు వచ్చేదాకా కాఫీకి విరామం ఇవ్వడమే మేలు. మెరీనాకో, ఎలియట్స్ బీచ్‌కో తీసుకెళ్లి మాట్లాడిస్తే స్పాంజి చాలదు, బొచ్చు తొడుగు కావాలి.

ఫ్రిజ్ దగ్గర్లో ఉంటే, ఇంటివాళ్లను అడిగి ఆపి, మీ బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. వెళ్లేటప్పుడు తాళాలు కావాలి కాబట్టి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. కుక్కర్, మిక్సీ పని ముందే అయిపోయేలా చెప్పుకోండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కునుకు తీసి లేచిన వేళ చాలా ఇళ్లలో ప్రశాంతంగా ఉంటుంది.

మైకు పెట్టడం ఒక మర్యాద. ఆడవాళ్లకైతే మైకు వాళ్ల చేతికే ఇచ్చి చూపించండి, లేదా కూతురినో కోడలినో పెట్టమనండి. "మామ్మగారూ, ఇది కాస్త ఇక్కడ కొంగు అంచుకు పెట్టుకుంటారా?" అంటే "నా గొంతు గట్టిదే కదమ్మా, ఇదెందుకు?" అంటారు. "మీ మాట మీ మునిమనవళ్లకు కూడా స్పష్టంగా వినపడాలని" అని చెప్పండి, సంతోషంగా పెట్టుకుంటారు. పట్టుచీర కదిలితే గరగరలాడుతుంది, వీలైతే నూలు చీర కట్టుకోమని ముందురోజే చెప్పండి. గొలుసు, నల్లపూసలు మైకుకు తగులుతుంటే టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. మైకును పక్కకు, భుజం మడత వైపు జరపండి, గొలుసు తీయమని మాత్రం అడగకండి. తాతగారు బనియన్ మీద తుండు వేసుకుని కూర్చుంటే తుండుకు పెట్టకండి, అది జారుతూ ఉంటుంది. బనియన్ మెడ అంచుకు పెట్టండి. వైరును ఒక చిన్న ఉంగరంలా మడిచి క్లిప్పులో ఇరికిస్తే, కింద వైరు లాగినా ఆ కుదుపు మైకు వరకు రాదు.

టేబుల్ మీద రికార్డర్ పెట్టాల్సి వస్తే కింద మడిచిన తువ్వాలు వేయండి. కాఫీ గ్లాసు పెట్టిన ప్రతిసారీ వచ్చే దబ్‌మనే చప్పుడు ఆగుతుంది.

రికార్డు నొక్కాక ఎర్ర లైటు వెలగడమే కాదు, అంకెలు నడుస్తున్నాయో లేదో చూడండి. జూమ్, టాస్కామ్ రికార్డర్లలో కొన్నింటికి ఒకసారి నొక్కితే సిద్ధంగా నిలబడటం, రెండోసారి నొక్కితే రికార్డు మొదలవడం అనే పద్ధతి ఉంటుంది. మొదట మీ గొంతుతో తేదీ, పేట పేరు, మాట్లాడేవాళ్ల పేరు చెప్పండి. తర్వాత వాళ్ల అనుమతి వాళ్ల గొంతుతోనే అడిగి రికార్డు చేయండి: ఎవరెవరు వినొచ్చు, బయట పెట్టొచ్చా, ఏదైనా ముక్క తీసేయమంటే తీసేస్తామని. కాగితం మీద సంతకం కంటే ఇది వాళ్లకు తేలిక. ఆఖర్లో అందరూ మౌనంగా అర నిమిషం కూర్చుని ఖాళీ గది చప్పుడు రికార్డు చేసుకోండి. తర్వాత ఆ హోరును తగ్గించేటప్పుడు అది నమూనాగా పనికొస్తుంది.

మొదటి అయిదు నిమిషాలు ఒక చెవికైనా హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఆ తర్వాత తీసేయండి, వాళ్ల కళ్లలోకి చూస్తూ వినండి.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే కార్డులోంచి కంప్యూటర్‌లోకి, అక్కడి నుంచి వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. మూడో కాపీ ఇంకో ఇంట్లోనో, ఆన్‌లైన్‌లోనో ఉండాలి. మూడూ తెరుచుకుంటున్నాయని చూసేదాకా కార్డు చెరపకండి. ఫైల్ పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత పేట, మనిషి పేరు వరుసగా పెడితే ఎన్నేళ్ల తర్వాతైనా వెతుక్కోవచ్చు. అసలు వేవ్ ఫైల్‌ను ముట్టుకోకండి, హోరు తగ్గించడం, కత్తిరించడం అంతా కాపీ మీదే. ఈ ఊరి ఉక్కకు మైకు, రికార్డర్ పాడవకుండా సిలికా జెల్ పొట్లంతో కలిపి మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి, సెల్స్ బయటికి తీసి.

రెండోసారి వెళ్లేముందు మొదటి రికార్డింగ్‌లో ఓ పది నిమిషాలు వినండి. ఎక్కడ గొలుసు తగిలింది, ఎక్కడ మీ ఊఁ ఎక్కువైంది, ఏ పేరు సరిగా వినపడలేదు అని రాసుకోండి. ఆ పేర్లు వెళ్లగానే అడిగేయొచ్చు. వెళ్లేటప్పుడు మొదటి రోజు మాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఎంపీ3గా వేసి ఇంటివాళ్లకు ఇవ్వండి, అందులో పెద్దవాళ్ల ఫోన్‌లో వినగలిగేలా చిన్న చిన్న ముక్కలు కూడా ఉంచండి.